తాడిపత్రిలో ఒక మాఘభానువారము

పెన్నానది మా హిందూపురమునకు పరాయిది కాదు. నందికొండల ప్రాంతమున బుట్టి, గౌరిబిదనూరు మీదుగా వచ్చి, మా యూరి సమీపముననే ఆంధ్రదేశమున నడుగిడును. అయినను మా పట్టణపు స్త్రీలలో పెన్నను కన్నులార జూచినవారు మిక్కిలి తక్కువ. బస్సు వంతెన మీద బోవునపుడు కిటికీలోనుండి కనబడు కంపచెట్ల బారును చూపి "ఇదియే పెన్న" యని యెవరైన చెప్పినచో, "ఔనా" యని మరల మా మాటలలో మేము పడుదుము. అట్టి మేము పెన్నలో స్నానము చేయుటకై తెల్లవారుజామున లేచి, నూరు మైళ్ళకు పైబడిన దూరమున నున్న తాడిపత్రికి బోయితిమనిన పాఠకసోదరీమణులకు నవ్వు రావచ్చును.

దీనికి మూలము అవ్వ. మా వీధిలో నందరికిని ఆమె అవ్వయే. డెబ్బదియైదేండ్లు దాటినవి, పుట్టినది రొద్దము. అచ్చట పెన్న ఊరి ప్రక్కనే పారును. బాల్యమున ఆమె ఒక మాఘమాసమునందు తల్లి వెంట తాడిపత్రికి బోయి పెన్నలో మునిగినదట. ఆ స్నానము తప్ప తాడిపత్రిని గూర్చి ఆమెకు మరేమియు జ్ఞాపకము లేదు. గోపురము జ్ఞాపకము లేదు, దేవుడు జ్ఞాపకము లేదు. నీరు రొమ్ములోతున నున్నదనియు, తల్లి తన జుట్టు పట్టుకొని మూడు మునకలు వేయించినదనియు మాత్రము చెప్పును.

గత శ్రావణమున ఆమె మనుమరాలి కాన్పు కష్టమైనది. ఆసుపత్రి వరండాలో రెండు దినములు కూర్చున్న అవ్వ, తల్లియు బిడ్డయు క్షేమముగా బయటపడినచో మాఘమున తాడిపత్రికి బోయి, పెన్నలో స్నానము చేసి, గంగమ్మకు చీర పెట్టి, బుగ్గ రామలింగేశ్వరుని దర్శింతునని మ్రొక్కుకొన్నది. ఇరువురును క్షేమముగా నిలు చేరిరి. కుమారులు మంచివారే. "కారు మాట్లాడుకొని పోదములెమ్మా" యని యనుచునే యుండిరి. ఒకరికి సెలవు దొరికిన నొకరికి దొరకదు. మ్రొక్కు అప్పువంటిది, అది తీరువరకు ముసలివారికి నిద్ర పట్టదని మగవారికి తెలియదు. చివరకు బస్సు సంగతి ఆమెయే యెత్తినది. 2025 ఆగస్టు 15వ తేదిని రాష్ట్రప్రభుత్వము ఆర్.టి.సి. బస్సులలో స్త్రీలకు ఉచితప్రయాణము కల్పించినది గదా. "టిక్కెట్టే లేదంట, ఇంక అడ్డమేముంది?" అని అవ్వ మా గుమ్మములో నిలిచి అడిగినపుడు కాదనుటకు మాకు మాట దొరకలేదు.

హిందూపురమునుండి మువ్వురము బయలుదేరితిమి. పెనుగొండలో ఒక సోదరి బస్సెక్కినది. ధర్మవరపు సోదరి అనంతపురము బస్‌స్టాండులో మాతో గలిసికొనవలెనని ఏర్పాటు. కండక్టరు ఆధారుకార్డులు చూచి సున్న రూపాయల టిక్కెట్లు చించి యిచ్చెను. అవ్వ ఆ చీటిని కొంగున ముడి వేసికొన్నది. కండక్టరు నవ్వి, "దానితో ఏమీ రాదవ్వా" యనెను. "మా పెద్దోడికి చూపల్ల" యని ఆమె యుత్తరము.

పెనుగొండ చేరుసరికి కొండవెనుక తూర్పు తెల్లవారినది. 1565లో రక్కసితంగడి యుద్ధము తరువాత విజయనగరప్రభువులకు రాజధానియైన యీ దుర్గమును మేము ఎన్నిమారులు చూచినను, చీకటిలోనుండి బయటపడు వేళ చూచుట యిదే మొదలు. దారిలో కార్ల కర్మాగారపు దీపములు పగటివలె వెలుగుచుండెను. పెనుగొండ సోదరి గర్వముగా, "మా యూరికి ఏ నదియు లేదు, అయినను గొల్లపల్లి జలాశయమునకు కృష్ణ వచ్చినది" అనెను. నిజమే. హంద్రీ-నీవా కాలువద్వారా శ్రీశైలము నీరు ఎక్కడనో కొండలు మిట్టలు ఎక్కి పెనుగొండకు వచ్చినది. అవ్వ కొంతసేపు ఆలోచించి, "కృష్ణ వచ్చింది సరే, పెన్న యాడికి పోయింది?" అని యడిగినది. ఆ ప్రశ్నకు ఆ బస్సులో నెవరును సమాధానము చెప్పలేదు.

అనంతపురమున ధర్మవరపు సోదరి చీరతో సిద్ధముగా నుండెను. వారిది మగ్గముల యిల్లు. పట్టుచీర తెత్తునని ఆమె పట్టుబట్టగా, గంగమ్మకు నూలుచీర చాలునని అవ్వ ముందే ఫోనులో గట్టిగా చెప్పినది. పసుపుపచ్చని నూలుచీర, ఎఱ్ఱని యంచు. ఆమె తన యూరి నదియైన చిత్రావతిని గూర్చి యొక మాట చెప్పినది: చిత్రావతియు నందికొండల చెంతనే పుట్టి, ధర్మవరము ప్రక్కగా పారి, తాడిపత్రికి దిగువను, గండికోటకు ఎగువను పెన్నలో గలియునట. "మీ యేరు మా యేరు అక్కచెల్లెండ్రే, కాని పుట్టింట విడిపోయి మరల కలియుటకు అంత దూరము పోవలసివచ్చినది" అని నవ్వినది. తక్కిన దారి పొడుగునను చెనిక్కాయ పెరికిన బీళ్ళు, చీనీతోటలు, కొండలు.

తాడిపత్రిలో మాకు ఊరు చూపుటకు ధర్మవరపు సోదరి బంధువులు ఒక గైడును కుదిర్చియుండిరి. అతడు ఏబది యేండ్లవాడు. చిన్నతనమునుండి బండల పాలిషు కర్మాగారమున పనిచేసి, రాతిదుమ్మునకు ఊపిరితిత్తులు చెడి, ఆ పని మాని, యాత్రికులకు గుళ్ళు చూపుచు జీవించుచున్నాడు. మన రాయలసీమ యిండ్లలో నేలకు పరచు నల్లబండలు ఈ యూరి చుట్టుప్రక్కల గనులనుండి వచ్చినవే. మేము ప్రతిదినము తుడిచి ముగ్గువేయు బండలు ఏ యూరివో యెన్నడును తలచినవారము కాము. అతడు మాటిమాటికి దగ్గి, దగ్గు ఆగగానే విడిచిన మాట దగ్గరనే మరల నందుకొనుచుండెను. రాతిని గూర్చి అతనికి తెలిసినంత పుస్తకములు వ్రాసినవారికి తెలిసియుండదు.

మొదట అతడు మమ్ము చింతల వేంకటరమణస్వామి కోవెలకు గొనిపోయెను. గండికోటను పాలించిన పెమ్మసాని వంశపు తిమ్మానాయుడు 16వ శతాబ్దమున దీనిని గట్టించెను. చింతచెట్టు తొఱ్ఱలో స్వామి దొరకినందున చింతల వేంకటరమణుడైనాడని ఐతిహ్యము. గర్భగుడికి ఎదుట గరుడునికై ఱాతిరథము నిలిపినారు. చక్రములు, ఇరుసులు, అన్నియు ఱాయే. హంపిలోని రథమును బొమ్మలలో చూచినవారికి ఇది దాని చెల్లెలివలె నుండును. గోడలమీద రామాయణ భాగవతకథలు వరుసగా చెక్కియున్నవి. చదువురాని తల్లులు పిల్లలకు వ్రేలితో చూపుచు కథ చెప్పుటకు వీలుగా, చేతికందు ఎత్తునగూడ బొమ్మలు గలవు. మేము రామకథను ఒక మూలనుండి పట్టుకొని వరుసగా చదువుచు పోవుచుండగా గైడు తాటక కథ యెత్తుకొనెను. రాములవారు తాటకను చంపిన చోటు ఇదేననియు, అందుచేతనే ఊరికి తాడిపత్రియని పేరు వచ్చినదనియు అతని మాట.

మేము ఊరకుండలేకపోయితిమి. వాల్మీకి బాలకాండమున విశ్వామిత్రుడు రామలక్ష్మణులను గంగ దాటించిన పిమ్మటనే తాటకావనమును చూపెను. మలద కరూశదేశములనిన అవి ఉత్తరదేశములు. ఈ యూరి పేరు తాటియాకునుబట్టి వచ్చినదని పెద్దలు చెప్పుదురు, అని మెల్లగా చెప్పితిమి. గైడు ముఖము చిన్నబోయినది. అంతలో నీడన కూర్చున్న అవ్వ, "రాముడు ఏడేడ తిరిగినాడో ఆ మునికి అంతా చెప్పినాడా? ఇక్కడికీ వచ్చుంటాడులే. నాయనా, ఏరు ఏ పక్క?" అనినది. గైడు సంతోషపడి, "అయిపోయిందవ్వా, ఇంకొక్క గోడ" అనెను. ఈ ప్రశ్న ఆమె అప్పటికి నాలుగవసారి అడుగుట. ఱాతిరథమునకు గాని, దశావతారములకు గాని ఆమె చలింపలేదు.

బుగ్గ రామలింగేశ్వరుని కోవెల పెన్న దక్షిణపుటొడ్డున నున్నది. గైడు మమ్ము గుడిలోనికి దారితీయబోగా అవ్వ ఆగినది. స్నానము కానిదే దర్శనము లేదని ఆమె నియమము. సరే యని అందరము ఏటివైపు దిగితిమి.

ఏమని చెప్పుదుము? ఈ యొడ్డునుండి ఆ యొడ్డువరకు ఎండ, గుంతలు, కంపచెట్లు. అక్కడక్కడ పచ్చని నాచు పట్టిన మడుగులు. వానిలోనికి ఊరి మురుగు వచ్చి చేరుచున్నదని వాసనయే చెప్పుచుండెను. పూజచేసి పారవేసిన పటములు, ప్లాస్టికు సంచులు, ఎండిన పూలదండలు. శివుని విల్లు పినాకము. ఆ పేరు దాల్చిన పినాకిని యిది. 2021 నవంబరులో ఈ పెన్నయు మా చిత్రావతియు ఊళ్ళను ముంచి, చిత్రావతిలో చిక్కినవారిని హెలికాప్టరుతో పైకెత్తవలసినంత పొంగినవన్న సంగతి, ఆ నేలను చూచినపుడు నమ్మ శక్యము కాలేదు.

ఒడ్డున బోరునీటి కుళాయిలు రెండు కలవు. గైడు మర్యాదగా, "అవ్వా, అందరూ ఇక్కడే పోసుకుంటారు. ఏట్లో నీళ్ళేడుండాయి?" అనెను. పెనుగొండ సోదరి, నది యొడ్డున పారు నీరన్నియు నదియే యని శాస్త్రము చెప్పబోయెను. అవ్వ కదలలేదు. "బోరు నీళ్ళు పోసుకునేదానికి ఇంత దూరం రావల్లనా? మా ఇంట్లో బోరు లేదా?" అని కుళాయివంక తిరిగికూడ చూడక మెట్లమీద కూర్చుండిపోయినది.

మాలో మాకు వాదము పుట్టినది. గుడి మధ్యాహ్నము మూయుదురు, తిరుగు బస్సు తప్పినచో చీకటిపడును, ఇంటివద్ద పిల్లలున్నారు. మనస్సు శుద్ధముగా నున్న ఏ నీరైన గంగయే యని ఒకరు. మ్రొక్కు ఏ మాటతో మ్రొక్కినామో ఆ మాటతోనే తీర్పవలెనని ఒకరు. ఇన్ని చదివిన మేము ఏ ప్రక్కకును చెప్పలేక నిలిచితిమి. ఆమె మ్రొక్కినది దేవునికి మాత్రమే కాదు, నీటికి. నీరు లేని చోట నీటికి చెల్లించుట యెట్లు? అవ్వ కన్నులలో నీళ్ళు తిరుగుట మేము మొట్టమొదటిసారి చూచితిమి. ప్రసవపు ఆసుపత్రిలోకూడ ఆమె ఏడ్వలేదని కోడలు చెప్పియుండెను.

కొంతదూరమున మేకలు మేపుచున్న యొక స్త్రీ మా గొడవ వినుచుండెను. ఆమె దగ్గరకు వచ్చి, సంగతి తెలిసికొని, "చెలమ తవ్వుకోండి అవ్వా" అనినది. అవ్వ తటాలున లేచినది. "ఇసుక ఉందా, తల్లీ?" "ఆ పక్కంతా ఎత్తకపోయినారు, అడుగున రాయి తేలింది. ఈ పక్క గుండ్ల సందున లారీలు దిగలేవు. ఆడ ఇసుకుంది. మేము మేకలకు ఆడనే తవ్వుకుంటాము."

చెలమ యనిన నేమో పట్టణములలోని మా సోదరీమణులకు తెలియకపోవచ్చును. ఏటి ఇసుకలో తవ్విన గుంట చెలమ. పైన ఎండకు ఇసుక కాలుచున్నను, లోపల వర్షకాలపు నీరు ఇసుకరేణువుల సందున దాగియుండును. సూర్యకిరణము అంత లోతు పోలేదు గావున అది ఆవిరికాదు. ఇసుక తానే మూతయు, తానే కుండయు, తానే వడకట్టు గుడ్డయునై ఆ నీటిని కాపాడును. ఉమ్మడి అనంతపురము జిల్లాలో ఏడాదికి కురియు వాన సగటున 550 మిల్లీమీటర్లకు అటునిటుగా మాత్రమే. ఇట్టి దేశమున ఆషాఢము మొదలు మరుసటి వైశాఖము వరకు మనుష్యులును పశువులును బ్రదుకుటకు పూర్వులు నమ్మినది ఈ చెలమలనే. ఆ ఇసుకను అడుగు ఱాయి తేలువరకు ఎత్తుకొనిపోయినచో పడిన వాన పడినట్లే పారిపోవును. ఏటి యొడ్డు ఊళ్ళ బావులును బోర్లును అడుగంటును. భూగర్భజలములకు కీడు కలుగకుండ ఇసుక త్రవ్వకమును అదుపుచేయుటకు 2002లో నీరు-భూమి-చెట్టు చట్టము వచ్చినది. చట్టము కాగితముమీద నున్నది. ఇసుక మన యిండ్ల గోడలలో నున్నది.

ఏరు ఎండుటకు ఇసుక యొక్కటియే కారణమని చెప్పుట న్యాయము కాదు. ఎగువను చెరువులు కలవు, ఇరుదెసల వేలకొలది బోర్లు కలవు. 1892లోనే మైసూరు, మద్రాసు ప్రభుత్వముల నడుమ కుదిరిన యొడంబడికలో ఉత్తరపినాకిని పేరును చిత్రావతి పేరును చేరియున్నవి. ఎగువను క్రొత్తగా కట్ట వేయవలెననిన దిగువవారి సమ్మతి గైకొనవలెనని దాని సారము. అనగా నాడే ఈ నీటికి కొరత యుండెనన్నమాట. ఇప్పుడు పెన్నమీద నున్న మిడ్ పెన్నారు జలాశయమునకు తుంగభద్రనీరు కాలువలో వచ్చును. ఒక నది కడుపు నింపుటకు వేరొక నది రావలసినది.

మేకల స్త్రీ తన గొడ్డలితో కంపలు తొలగించి దారిచేసినది. రెండు నల్లని గుండ్ల నడుమ దోసెడు చోటు. అవ్వ చీర కుచ్చెళ్ళు దోపుకొని మోకాళ్ళమీద కూర్చుండి చేతులతో ఇసుక త్రోయసాగినది. మేము కొబ్బరిచిప్పలతోడను, అన్నముగిన్నె మూతతోడను సాయపడితిమి. గైడు మొదట ఒడ్డున నిలిచి, పిమ్మట చెప్పులు విడిచి దిగివచ్చి, "రాయి తగిలే పక్క తవ్వొద్దండమ్మా, ఈ పక్క తవ్వండి, రాయి ఇట్ల వాలింది, నీళ్ళు వాలుకే చేరతాయి" అని చూపెను. ఱాతి సంగతి అతడెరుగును గదా. మూరెడు లోతున ఇసుక నల్లబడినది. మరియొక జానెడు తవ్వగా చేతికి చల్లగా తగిలినది. అవ్వ అరచేయి ఆ చల్లదనముమీద నుంచి కొంతసేపు కదలక కూర్చున్నది.

మొదట ఊరిన నీరు బురద. దానిని తోడి పారబోసితిమి. రెండవమారును అంతియే. "మూడుసార్లు తోడల్ల, అప్పుడు తేట వస్తుంది, మాయమ్మ అట్లే చేస్తాండె" అని అవ్వ చెప్పినట్లే మూడవమారు గుంట అడుగున ఇసుకరేణువులు లెక్కపెట్టవచ్చునంత తేటనీరు నిలిచినది. అవ్వ మాకు వినబడునట్లుగా గాక, ఏటికి చెప్పుచున్నట్లు, "ఎండిపోలేదు, పండుకోనుంది" అనినది.

మునకలకు చోటు లేదు. చెంబుతో నీరు తీసి అవ్వ తలమీద మేము మూడుమార్లు పోసితిమి. ఒక చెంబు నిండి, మరల ఊరువరకు కాచుకొని, మరియొక చెంబు. ఒక స్నానమునకు అరగంట పట్టినది. పిమ్మట మేమును తలలమీద చల్లుకొంటిమి. మేకల స్త్రీ చల్లుకొనలేదు. "నాకు దినమూ ఇదే కదక్కా" అని నవ్వినది.

పిమ్మట చీర సంగతి. గంగమ్మకు చీర యనిన నీటిలో విడుచుట వాడుక. ఇచట విడిచిన మడుగుకంపుమీద ఒక పసుపుపచ్చ గుడ్డ తేలియుండును, అంతియే. అవ్వ చీరను చెలమయొడ్డున పరచి, పసుపు కుంకుమ లుంచి, కొసయంచు నీట ముంచినది. నమస్కరించి, లేచి, దానిని మడచి, మేకల స్త్రీ చేతిలో పెట్టినది. ఆమె వెనుకకు తగ్గి, "గంగమ్మ చీర నాకేలవ్వా, పాపం తగుల్తుంది" అనెను. "నువ్వు చూపిస్తేనే కదే గంగమ్మ కనపడింది, పట్టు" అని అవ్వ గద్దించినది. ధర్మవరపు సోదరి మాత్రము కొంచెము నొచ్చుకొన్నదని మాకు తోచినది. తన చేతులతో అల్లు వేసిన నూలు నది చేరునని ఆమె ఆశ. కాని మేకల స్త్రీ ఆ చీరను భుజముమీద వేసికొని అంచు తడవి, "ఎవరు నేసినారో, బిర్రుగుంది" అని యనగానే ఆమె ముఖము విప్పారినది.

గుడిచేరుసరికి అర్చకుడు తలుపు దగ్గర జేర్చుచుండెను. అవ్వ తడిజుట్టును, చీరకంటిన ఇసుకను చూచి, "ఏట్లో పోసుకొన్నారా?" అని ఆశ్చర్యపడి తలుపు మరల తీసెను. బుగ్గ యనిన ఊట. ఈ లింగము కడ ఎల్లకాలము నీరు ఊరుచుండుటచేతనే స్వామికి బుగ్గ రామలింగేశ్వరుడని పేరు. అర్చకుడు ఆ నీటినే తీర్థముగా నిచ్చెను. అవ్వ అరచేతిలోని తీర్థమును త్రాగి, పెదవులు చప్పరించి, "అదే నీళ్ళు" అనినది. అర్చకునికి అర్థము కాలేదు, మేము చెప్పలేదు. ఊట ఏ వైపునుండి వచ్చుచున్నదో మేమెరుగము గాని, ఆ చల్లదనము మా చేతులకు అప్పటికే పరిచయమైనది. ఈ ప్రాంతమున నీటికి ఱాతిలోపల దాగుట అలవాటే. ఇచటికి చేరువనున్న బెలూముగుహలలో సున్నపురాతిని నీరే తొలిచి 3 కిలోమీటర్లకు పైగా దారులు చేసినది. అడుగున పాతాళగంగ యని పిలుచు సన్నని ధార యున్నదట.

ఈ కోవెలను పెమ్మసాని రామలింగనాయుడు గట్టించెను. 1509లో కృష్ణదేవరాయలు సింహాసనమెక్కునాటి కాలమది. దర్శనమైన పిమ్మట గైడు తన యిష్టమువచ్చినట్లు చూపుటకు మేమును ఇష్టముగా చూచుటకు తీరిక కలిగినది. విష్ణ్వాలయము ముందరి మండపమున ఏడు స్తంభములు సంగీతము పలుకునని ప్రసిద్ధి. అతడు వానిని కొట్టలేదు. "కొట్టి కొట్టి జనం అరగదీసినారమ్మా" యని వ్రేలిగోటితో ఒకమారు తాకి చెవి యానించెను. మేమును చెవులానించితిమి.

కాని తాడిపత్రిలో చూడవలసినవి గోపురములు. అవి పూర్తి కానివి. క్రిందిభాగమువరకు ముదురుపచ్చని ఱాయి. మీదికి లేచి ఆగిపోయినది. సాధారణముగా మన గోపురములకు క్రింది ఱాయి సాదాగా నుండి పైనున్న ఇటుక సున్నపు అంతస్తులలో బొమ్మలుండును. ఇచట ఆ క్రింది ఱాయియే జానెడు ఖాళీ లేకుండ చెక్కియున్నది. వాకిటికి ఇరుప్రక్కల లతలు పట్టుకొని నిలిచిన స్త్రీలు. వారి నడుములమీది వడ్డాణపు పూసలు లెక్కపెట్టవచ్చును. ఫెర్గూసన్ అను స్కాట్లండుదేశీయుడు 1876లో ప్రకటించిన తన శిల్పచరిత్రలో ఈ గోపురములను ప్రత్యేకముగా మెచ్చుకొన్నాడు. గైడు ఆ పేరు చెప్పలేదు. "ఈ రాయి మా నల్లబండ మాదిరి పొరలుగా ఊడదు. ఉలి జారితే అయిపోయినట్లే. చెక్కినోడు ఊపిరి బిగబట్టి చెక్కుంటాడు" అని, దగ్గు వచ్చి, పక్కకు తిరిగెను.

ఎందుకు పూర్తికాలేదని అడిగితిమి. రాజు పోయియుండును, లేక పైకము చాలియుండదు, అని అతని యూహ. మా లేపాక్షిలోను కల్యాణమండపము అట్లే నిలిచిపోయినది. అచట దానికి విరూపణ్ణ కన్నుల కథ యున్నది. ఇచట కథకూడ లేదు. అదే మాకు నచ్చినది.

మండపపు నీడన జొన్నరొట్టెలు, చెనిక్కాయల పొడి విప్పి గైడుకు గూడ పెట్టితిమి. అతనికి కూలి యిచ్చుచుండగా అవ్వ తన కొంగుముడి విప్పి వేరుగా ఇరువది రూపాయలు తీసి, "బాగా తవ్వినావు నాయనా" అనెను. అతడు వాటిని కండ్లకద్దుకొనెను. గుళ్ళు చూపినందుకు ఇచ్చిన పైకమును కండ్లకద్దుకొనలేదు.

తిరుగుబస్సులో అవ్వ ఒక నీళ్ళసీసాను ఒడిలో నుంచుకొని కూర్చున్నది. చెలమనీరు, బిడ్డకు పోయుటకు. సీసా యడుగున సన్నని ఇసుక పేరుకొనియున్నది. ఇంటివద్ద వడగట్టి పోయుమని ఒకరనగా ఆమె వినలేదు. అనంతపురము దాటి, పెనుగొండ సోదరిని దించి, హిందూపురము చేరుసరికి రాత్రి తొమ్మిది దాటినది. దిగునపుడు అవ్వ మా చేయి పట్టుకొని, రొద్దము ఏటిలో గుండ్లున్నవా, లారీలు దిగజాలని సందులు ఇంకను మిగిలియున్నవా యని యడిగినది. తెలియదంటిమి. "అది ఎంత దూరం, గంటే కదా; టిక్కెట్టు గూడా లేదు" అని ఆమె సాగిపోయినది. వచ్చు ఆదివారము ఉదయపు బస్సుకు పోవలెనని నిశ్చయించుకొంటిమి. ఈమారు తవ్వుటకు ఇనుపగరిటె యొకటి తీసి పెట్టినాము.